ఎనేబుల్ అంటే నడుస్తున్నట్టు కాదు

"మా సాఫ్ట్‌వేర్‌ల ఏ తప్పు లేదు డాక్టర్ సాబ్. మీ టెక్నీషియన్ సర్వీస్ స్టార్ట్ చెయ్యలే. గంతే."

హరికిషన్ ఫోన్‌లో ఆ మాట అంటున్నప్పుడు కనకలక్ష్మి అతని కేబిన్ గుమ్మంలోనే నిలబడి ఉంది. తిరుమలగిరిలో టైర్ల దుకాణం మీది అంతస్తులో ఉన్న ఆ చిన్న కంపెనీకి అతనే యజమాని. ఆసుపత్రుల్లో రక్తం, టీకా మందులు దాచే ఫ్రిజ్‌లకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్ వాళ్లది. ఫ్రిజ్‌లో చల్లదనం తగ్గితే అలారం మోగాలి, ఫోన్లకు మెసేజ్‌లు వెళ్లాలి. దాన్ని ఎలా పెట్టుకోవాలో చెప్పే మాన్యువల్ రాయడం కనకలక్ష్మి పని. విజయనగరం నుంచి వచ్చి, బోయిగూడలో అన్నావదినల ఇంట్లో ఉంటూ ఈ ఉద్యోగం చేస్తోంది.

బన్సీలాల్‌పేటలో ఒక ట్రస్టు నడిపే బ్లడ్ బ్యాంకులో ఆదివారం ఫ్రిజ్ కంప్రెసర్ ఆగిపోయింది. అలారం మోగలేదు. ఎవరికీ మెసేజ్ రాలేదు. సోమవారం పొద్దున తలుపు తీసేసరికి లోపలున్న రక్తమంతా వెచ్చబడిపోయింది. మొత్తం పారేశారు. ఆ రోజు రక్తం ఎక్కించుకోవడానికి తల్లుల చెయ్యి పట్టుకుని వచ్చిన తలసేమియా పిల్లల్ని వేరే చోటికి వెళ్లమన్నారు. కంప్యూటర్ తెరిచి చూస్తే, అలారం సర్వీస్ పెట్టిన రోజు నుంచీ ఒక్క క్షణం కూడా నడవలేదని తేలింది.

హరికిషన్ ఫోన్ పెట్టేశాడు.

"ఆవిడ తప్పేటి సార్ ఇందులో?" అంది కనకలక్ష్మి. కోపం వస్తే ఆమె నోట్లో సొంత ఊరు పలుకుతుంది. "మాన్యువల్‌లో ఎనేబుల్ చెయ్యమని ఉంది. చేశారు. స్టార్ట్ చెయ్యమని ఎక్కడుంది?"

"లినక్స్ తెల్సినోళ్లకు గది చెప్పాల్నా?"

"తెలిసినోళ్లకి మాన్యువల్ ఎందుకండీ?"

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే మెషీన్‌లో తెర వెనక నడిచే ప్రోగ్రామ్‌ను సర్వీస్ అంటారు. దాన్ని ఎనేబుల్ చెయ్యడమంటే, మెషీన్ మళ్లీ ఆన్ అయినప్పుడు నువ్వూ లేచి పని మొదలుపెట్టు అని చెప్పి ఉంచడం. అంతవరకే. ఇప్పుడే నడవాలంటే స్టార్ట్ అని వేరే ఆజ్ఞ ఇవ్వాలి. కనకలక్ష్మి రెండూ రాసింది. ఇంత లంబాగా ఉంటే ఎవరు చదువుతరు, ఒక్క పేజీ చెయ్యి అని హరికిషనే కోయించాడు. స్టార్ట్ తీసేస్తే నడవదు సార్ అని ఆమె ఆ రోజే చెప్పింది. రీబూట్ అయితే అదే నడుస్తది, పరేషాన్ గాకు అన్నాడు.

ఆ మాట ఇప్పుడు గుర్తు చేసింది. హరికిషన్ కుర్చీలోంచి లేవలేదు.

"జెర సోచాయించు కనకలక్ష్మి. మనదే తప్పని ఒప్పుకుంటే రేపు ఎవడన్న మన సాఫ్ట్‌వేర్ తీసుకుంటడా? ఇంకొకటి. మాన్యువల్ మీద ఉన్నది నీ పేరు. నాది గాదు."

కనకలక్ష్మి బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగి, ఆటో ఎక్కి బన్సీలాల్‌పేట పొమ్మంది. దారి పొడుగునా హరికిషన్‌ను మనసులో తిడుతూనే ఉంది. వెళ్లి ఆ టెక్నీషియన్‌తో తప్పు మీది కాదు, మా సారుది అని చెప్పాలి. ఆమె కళ్లు తుడుచుకుంటుంది. తన కోపం కొంచెం చల్లారుతుంది. అలా అనుకుంది.

షెకీనా కళ్లు తుడుచుకునే మనిషి కాదు. నలభై దాటిన ఆ టెక్నీషియన్ ఖాళీ ఫ్రిజ్ అరలు డెట్టాల్ నీళ్లతో తోముతోంది. విచారణ అయ్యేదాకా రేపటి నుంచి డ్యూటీకి రావద్దని ఆమెకు అప్పుడే చెప్పేశారు. కనకలక్ష్మి పేరు చెప్పగానే చేతిలోని గుడ్డ బకెట్‌లోకి విసిరికొట్టింది.

"మీరేనా మేడం ఆ కాయితం రాసింది? పేరు చూసిన. రాండ్రి, ఇట్ల రాండ్రి."

కంప్యూటర్ ముందుకు తీసుకెళ్లి తెర చూపించింది.

"మీ కాయితంల ఏమున్నది? ఎనేబుల్ చెయ్యమని. ఈడ ఏమున్నది? ఎనేబుల్డ్ అని. మరి నేనేం తప్పు చేసిన?"

"మీ తప్పేం లేదండీ. నేను మొదట రాసినదాంట్లో స్టార్ట్ కూడా ఉంది. ఆ తర్వాత నడుస్తోందో లేదో స్టేటస్ చూసుకోమని కూడా రాశాను. మా సారే తీయించేశారు."

"మీ సారు తీసిండా, మీరు తీసిండ్రా, నాకేం ఫరక్ పడుతది? పిల్లలను వాపస్ తోలింది నేను. ఆ తల్లుల మొఖం చూసింది నేను." షెకీనా గొంతు పైకి లేచింది. "ఇంకో మాట. మీరు రాయకున్నా నేను స్టేటస్ చూసిన. లోడెడ్, ఎనేబుల్డ్ అని వచ్చింది. మంచిగనే ఉందనుకున్న. కింద వరుసల ఇనాక్టివ్ అని ఉంటదని, అసలు చూడాల్సింది గదేనని, మీ మొదటి కాయితంల అయినా రాసిండ్రా?"

రాయలేదు. స్టేటస్ చూసుకోండి అని రాసి ఊరుకుంది. చూస్తే అర్థమవుతుందిలే అనుకుంది.

కనకలక్ష్మికి ఆటోలో తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తోచలేదు. అది పోలేదు. హరికిషన్ మీద ఉన్నది ఉన్నట్టే ఉంది, ఇప్పుడు తన మీదా వచ్చి పడింది.

"మా యూపీఎస్ సుత గట్టిది," అంది షెకీనా కసిగా. "ఒక్కసారన్న కరెంటు పోయి కంప్యూటర్ బందయితే, మళ్ల వేసినప్పుడు మీ సర్వీసు అదే లేస్తుండె. అంతేనా?"

"అంతేనండీ."

"థూ."

కనకలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీకు నా మీద కోపం ఉంటే ఉండనివ్వండి. ఇది మాత్రం ఇద్దరం కలిసి సరిగ్గా రాద్దాం. మీకు అర్థమయ్యేదాకా నేను లేవను."

షెకీనా చేతులు తుడుచుకుని పక్కన కూర్చుంది. కనకలక్ష్మి ఒక్కో వాక్యం రాస్తుంటే, ఇది తెలుస్తలేదు, ఇది మళ్ల రాయండ్రి అంటూ పోయింది. ఎనేబుల్ ఆజ్ఞ పక్కన రెండు అడ్డగీతలు పెట్టి నౌ అనే మాట చేరిస్తే చాలు, సర్వీస్ ఇప్పుడూ నడుస్తుంది, మెషీన్ మళ్లీ వేసినప్పుడూ నడుస్తుంది. హరికిషన్ అడిగిన ఒక్క పేజీలో హాయిగా పట్టేది. వాదించిన రోజు అది తనకు తట్టనే లేదు. కనకలక్ష్మి పళ్లు కొరుక్కుంది.

"మరి నడుస్త నడుస్త మధ్యల అదే ఆగిపోతే?" అంది షెకీనా.

కనకలక్ష్మి సర్వీస్ సెట్టింగుల ఫైలు తెరిచింది. ఆగిపోతే మళ్లీ లేపమని చెప్పే రీస్టార్ట్ అనే వరుస అందులో లేనే లేదు. అది రాయకపోతే లినక్స్ దాన్ని లేపదు, పడినచోటే వదిలేస్తుంది. నోట్లోంచి వచ్చిన తిట్టును మింగి, ఆ వరుస చేర్చింది.

సర్వీస్ మొదలైంది. కింది వరుసలో యాక్టివ్, రన్నింగ్ అని వచ్చింది. షెకీనా దాన్ని నమ్మలేదు. ఫ్రిజ్‌లోంచి సెన్సర్ బయటికి తీసి పిడికిట్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. కాసేపటికి అలారం కూత పెట్టింది. గోడలు అదిరాయి. బ్లడ్ బ్యాంకు చూసుకునే డాక్టర్ భానుప్రకాశ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇప్పుడు మోగితే ఏం లాభం?" అన్నాడు, చెవులు మూసుకుని.

కనకలక్ష్మి జరిగింది చెప్పింది. ఆయన విన్నాడు. "మీరు చెప్తే సరిపోదమ్మా. మీ సార్ పొద్దున వేరే చెప్పిండు. ఆయన నోటితో చెప్పాలె."

ఆఫీసుకు తిరిగొచ్చి కనకలక్ష్మి ఎవరినీ అడగలేదు. మాన్యువల్‌లో తప్పుంది, మీ సర్వీస్ నడవకపోతుండొచ్చు, వెంటనే ఇలా చూసుకోండి అని, కొత్తగా రాసింది జతచేసి, సాఫ్ట్‌వేర్ కొన్న ప్రతి ఆసుపత్రికీ మెయిల్ పంపింది. కాపీ హరికిషన్‌కు కూడా వెళ్లింది.

అతను కేబిన్ తలుపు బద్దలయ్యేలా తీసుకుని వచ్చాడు.

"దిమాగ్ ఉన్నదా నీకు? ఎవరినడిగి పంపినవ్? నడువ్, ఇప్పుడే ఆఫీసులకెళ్లి బయటికి నడువ్!"

"పోతాను సార్. నాకేటి భయమా? ముందు ఆ ఫోనెత్తండి."

ఫోన్ నిజంగానే మోగుతోంది. ఏదో ప్రసూతి ఆసుపత్రి. టీకా మందుల ఫ్రిజ్ దగ్గర తమ సర్వీస్ కూడా ఇనాక్టివ్ అని చూపిస్తోందట, అసలు ఎన్నాళ్లుగా ఇలా ఉందని అవతలి మనిషి అరుస్తోంది. హరికిషన్ ఆమెను శాంతపరచి పెట్టేలోపే ఇంకో ఆసుపత్రి వాళ్లు. తర్వాత ఇంకొకరు. అతని మొహంలో రంగు పోయింది. నీళ్ల సీసా కోసం బల్ల తడుముకున్నాడు.

కనకలక్ష్మి తన ఫోన్‌లో భానుప్రకాశ్ నంబరు కలిపి, స్పీకర్ నొక్కి అతని ముందు పెట్టింది.

"చెప్పండి సార్."

హరికిషన్ ఆమెను మింగేసేలా చూశాడు. ఆమె చూపు తిప్పలేదు.

"డాక్టర్ సాబ్... మీ టెక్నీషియన్‌ది తప్పు లేదు. మా మాన్యువల్‌దే."

అతను ఆమెను పొమ్మన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె కూడా ఉంటానని బతిమాలలేదు. ఫోన్లు మోగుతూనే ఉంటే ఒకటి అతను, ఒకటి ఆమె ఎత్తుతూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా సాయంత్రం దాకా పనిచేశారు.

షెకీనాను డ్యూటీకి రమ్మన్నారు. ఆ సంగతి చెప్పడానికి ఆమె ఫోన్ చెయ్యలేదు. కొన్నాళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం చేసింది.

"మేడం, మీ కొత్త కాయితంల ఎనేబుల్ వద్దంటే డిసేబుల్ అన్నరు, బాగుంది. మరి ఈడ తెర మీద మాస్క్ అని ఇంకోటి ఉంది. అదేంది?"

"అది, ఎవరు లేపినా సర్వీస్ లేవకుండా..." కనకలక్ష్మి మొదలుపెట్టింది.

"జెర ఆగండ్రి, పెన్ను తీసుకుంట. అరకొర చెప్పకుండ్రి ఈసారి. మంచిగ చెప్పుండ్రి."