తాడు పేనడానికి ఇద్దరు కావాలి

తాడు పేనాలంటే ఇద్దరుండాలి. ఒకరు రాట్నం తిప్పాలి, ఇంకొకరు పీచు వదులుతూ వెనక్కి నడవాలి. మా ఇంట్లో తిప్పేది నేను, నడిచేది చెల్లి. నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక పనంతా మా మీద పడింది. ఆయన మంచం మీంచే పురి చాల్లేదని వంకలు పెడుతుంటాడు. నోటికి మాత్రం ఏమీ కాలేదు.

నాయనమ్మ బెంగ వేరు. పెద్దదానికి పెళ్ళి కాకపోతే ఊళ్ళో తలెత్తుకోలేమంటుంది. నేను వెళ్ళిపోతే చెల్లి ఒక్కతే ఏం పేనుతుందని అడిగాను. "దేవుడున్నాడు" అంది. దేవుడు రాట్నం తిప్పగా నేనెప్పుడూ చూడలేదు.

అలా ఉండగా, మా దగ్గర తాళ్ళు కొనే లారీ డ్రైవరు వాళ్ళమ్మని వెంటబెట్టుకుని సంబంధం మాట్లాడటానికి వచ్చాడు. పెరట్లోకి వచ్చి, "మీ తాడు కట్టాక సరుకు గురించి బెంగుండదండీ" అన్నాడు. నాతో అంతకంటే మంచిమాట ఎవరూ అనలేదు. ఆ ఊపులో నేనూ తిప్పుతానంటూ రాట్నం పట్టుకుని, వెనక్కి తిప్పాడు. పొద్దుటి నుంచి మేం ఎక్కించిన పురంతా విడిపోయి, పేటలు వేటికవి నేల మీద పడ్డాయి. చెల్లి నవ్వలేక చచ్చింది. అతను చెవులదాకా ఎర్రబడ్డాడు. నాకు నచ్చాడు.

లోపల వాళ్ళమ్మ నన్ను సూటిగానే అడిగింది. "మా ఇంటికొస్తే ఈ పీచు గొడవ ఉండదమ్మా. నీకిష్టమేనా?"

చెల్లి కోసుకుపోయిన వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నాన్న మొదటిసారి ఏ వంకా పెట్టకుండా నా వైపు చూశాడు.

"ఇష్టం లేదండీ" అన్నాను.

నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. ఇంత త్యాగం చేశాను కదా, ఎవరైనా గమనిస్తారేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. డ్రైవరు వాళ్ళమ్మ మాత్రం వచ్చిన పని కాకుండా లేచే మనిషి కాదు.

"పోనీ, చిన్నమ్మాయి?" అంది.

"నాకిష్టమే" అంది చెల్లి, నాయనమ్మ నోరు తెరిచేలోపే.

"మరి తాళ్ళో?" అన్నాడు నాన్న.

"మనిషిని పెట్టుకుందాంలేరా" అంది నాయనమ్మ. నా విషయంలో ఎన్నాళ్ళు ఆలోచించినా తట్టని ఉపాయం ఆవిడకి అప్పటికప్పుడు తట్టింది.

నాకు కడుపు మండిపోయింది. వంటింట్లోకి పోయి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతున్నాను. చెల్లి వెనకాలే వచ్చింది. దాని మొహం వెలిగిపోతోంది. తిట్టడానికి నోరు రాలేదు.

"అక్కా, నీకు నిజంగానే ఇష్టం లేదుగా?"

"లేదే" అన్నాను. "ఆ గ్లాసులు తుడిచి పెట్టు. మీ అత్తగారు టీ కోసం చూస్తుంటుంది."