ఒక్క మడికే నీరు

ఆసుపత్రికి బయలుదేరేముందు కూడా దోసెపిండి రుబ్బి, గిన్నెమీద మూతపెట్టే వచ్చాను. నేను లేని పూట ఇంట్లోవాళ్లు పస్తుండకూడదు కదా.

ఇప్పుడు ఈ చల్లని గదిలో బల్లమీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. తొడ మొదట్లోంచి సన్నని గొట్టాన్ని రక్తనాళంలోకి పంపుతున్నారు. మలద్వారానికి పైన పుట్టిన క్యాన్సర్ గడ్డకు నెత్తురు మోసే నాళం దాకా వెళ్లి, అక్కడ మందు వదులుతారట. "ఒళ్లంతా పారించకుండా ఆ చోటికే పంపుతామమ్మా. గడ్డ చిన్నదయ్యాక ఆపరేషన్ చేసి తీసేస్తాం. రెండూ జరగాలి" అంది డాక్టర్ చారులత.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. తేని ఊరి దగ్గర మా తోటలో పారతో కాలవ మడవ తిప్పి, ఎండిన మడి ఏదో చూసి దానికే నీళ్లు పెట్టేవాడు. కళ్లు మూసుకున్నాను. నడుము కింద వెచ్చగా ఏదో పాకింది. తడిమట్టి వాసన. నేనే మడిని, నీళ్లు నావైపే వస్తున్నాయి. పెళ్లయిన నాటినుంచి నన్ను అందరి మళ్లకూ తిప్పుకున్నారుగానీ, నావైపు మడవ తీసినవాళ్లు లేరు. ఏడుపొచ్చింది. హాయిగానూ ఉంది.

ఆ మగతలోకీ ఇంటి మాటలు వస్తూనే ఉన్నాయి. నెత్తురు పడుతోందని చెప్పిన రోజు మా ఆయన నవనీతకృష్ణన్, "సొందక్కారులకి, చుట్టాలందరికీ మొలలని చెప్పు. ఆ చోటు పేరెత్తితే అసింగం, సిగ్గుచేటు" అన్నాడు. ఆపరేషన్ తర్వాత మలం జన్మంతా పొట్టమీది సంచిలోకే వస్తుందని తెలిసినప్పుడు అత్త పొన్నమ్మాళ్, "సంచి కట్టుకొని సామి గదిలోకి ఎట్లా వస్తావు? అడుప్పు దగ్గిరికీ రాకూడదు, తీట్టు" అంది. నేను తాకితే పొయ్యి కూడా మైలపడుతుందట. సగంలో ఆపితే గడ్డ మళ్లీ పెరుగుతుందని డాక్టర్ ఎంత చెప్పినా, ఆయన ఈ మందుతోనే సరిపెట్టాలని చూస్తున్నాడు.

వార్డుకు తెచ్చాక డాక్టర్ వచ్చి, "ఆపరేషన్‌కి తేదీ వేద్దామా?" అని నన్నే అడిగింది. ఎప్పటిలాగే ఆయన అందుకున్నాడు.

"వేండాం డాక్టర్, ఇప్పుడే వద్దు. ఇంట్లో పేసి, మాట్లాడుకొని చెప్తాము."

కాలు కదపకూడదన్నారు. నోటికేం అడ్డు లేదు.

"వెయ్యండి డాక్టర్" అన్నాను.

అత్త మంచం దగ్గరికి జరిగింది. "అట్లయితే అడుప్పు ఎవరు చూసేది?"

"దాని దగ్గిరికి రాకూడదని మీరే అంటిరి కదా అత్తా" అన్నాను, మళ్లీ కళ్లు మూసుకుంటూ. "రాను లెండి."