సగం లెక్క

కళ్ళజోడుకు వేసే మర బియ్యపు గింజలో పావు వంతు కూడా ఉండదు. దాన్ని కాడ దగ్గర నిలబెట్టి మొదటి చుట్టు వేలి చివరతోనే తిప్పాలి. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు. కళ్ళజోళ్ళ షాపులో చేరినప్పటి నుంచీ నా పని ఇదే. మర చేతిలో ఉందో లేదో కళ్ళతో చూసుకోనక్కర్లేదు, వేలికే తెలుస్తుంది.

ఆ రోజు తెలియలేదు. ఉందనుకుని శ్రద్ధగా తిప్పుతున్నాను. అది ఎప్పుడో జారి బల్ల కింద పడింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు లేకుండానే నా ఉత్త వేళ్ళ విన్యాసం కనిపెట్టి నవ్వాడు. "ఏం చేస్తున్నావమ్మా, మంత్రం వేస్తున్నావా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. వేళ్ళ చివర చీమలు పాకుతున్నట్టు ఉంది. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఎడమ అరికాల్లోనూ అదే మొదలైంది.

తిమ్మిరి. మా ఇంట్లో ఈ మాట ఎవరూ అనరు. కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే లోకంలో అందరికీ పడుతుంది, మాకూ పడుతుంది. కానీ మేం మాత్రం పళ్ళు బిగించి, కుంటకుండా, ఏమీ ఎరగనట్టు నడిచి వెళ్ళిపోవాలి. ఎందుకంటే నాన్నకి అలాగే మొదలైంది.

నాన్న సినిమా హాల్లో టార్చిలైటు పట్టుకుని సీట్లు చూపించేవాడు. ఆ చీకట్లో పిల్లిలా తిరిగేవాడు. ముందు అరికాళ్ళలో తిమ్మిరి వచ్చింది. తర్వాత కాలి కింద నేల ఉందో లేదో తెలియకుండా పోయింది. వెలుతురులో పాదాల వంక చూసుకుంటూ బాగానే నడిచేవాడు, చీకట్లోనే పడిపోయేవాడు. ఒకసారి ఆట మధ్యలో ఎవరి ఒళ్ళోనో పడితే తాగొచ్చాడని గెంటినంత పని చేశారు. జన్మలో చుక్క ముట్టని మనిషి. ఆ తర్వాత మంచం, ఆ తర్వాత గుండె. పోయేనాటికి ఆయన వయసు, మా అక్కకి ఇప్పుడున్న వయసు కంటే కాస్తే ఎక్కువ.

అప్పటి డాక్టరు చావు కబురు చల్లగా చెప్పాడు. ఇది వంశంలో దిగే జబ్బు, పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంది అన్నాడు. అమ్మ లెక్క వేసుకుంది. పిల్లలు ఇద్దరు. ఇద్దరిలో సగం అంటే ఒకరు. ఆ రోజు నుంచి మమ్మల్ని పక్కపక్కన కూర్చోబెట్టి కంచాలు పెడుతూ మార్చి మార్చి చూసేది. అది ఏ చూపో మాకు తెలుసు.

లెక్క తప్పని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఇద్దరికీ రావచ్చు, ఇద్దరికీ రాకపోనూ వచ్చు. తెలిసి ఏం లాభం? చిన్నప్పుడు తప్పు నేర్చుకున్న ఎక్కం ఎంత దిద్దుకున్నా నోటికి అదే వస్తుంది. అమ్మ పోయింది, లెక్క మిగిలింది. నాకు వస్తే అక్కకి రాదు. అక్కకి వస్తే నాకు రాదు. ఈ మాట మేమిద్దరం ఏనాడూ పైకి అనుకోలేదు.

అక్క బేకరీలో పని చేస్తుంది. నేను అక్కా బావల దగ్గరే ఉంటాను. పొయ్యిలో కాలుతున్న రేకుల్ని మిగతావాళ్ళు మందపాటి తొడుగులు వేసుకుని పట్టుకుంటే, అక్క పల్చటి గుడ్డ ముక్కతో లాగేస్తుంది. "నీవి చేతులా, పటకార్లా?" అని వాళ్ళంటే మురిసిపోతుంది. నన్ను మాత్రం గాజుబొమ్మ అంటుంది. నాకు తుమ్ము వచ్చినా జబ్బేనట. నిజమే, నేను పిరికిదాన్ని. తాడు కనిపిస్తే పామనే అనుకుంటాను. కానీ పాము కరిచి నాన్న పోయిన ఇంట్లో తాడుకి భయపడితే తప్పేమిటి?

ఎవరికీ చెప్పలేదు. స్నానాల గదిలో గడియ పెట్టుకుని సూదితో కాలివేళ్ళు గుచ్చుకునేదాన్ని. "అబ్బా" అనగానే ప్రాణం లేచొచ్చేది. సూది గుచ్చుకుంటే సంతోషించే మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. కానీ చీమలు ఆగలేదు. అక్క వంటింట్లో కూనిరాగం తీస్తుంటే నాకు ఒళ్ళు మండేది. దానికేం, హాయిగా ఉంది, తన సగం కూడా నేనే మోస్తున్నాను కదా అనిపించేది.

ఒక సాయంత్రం ముగ్గురం అన్నాలకి కూర్చున్నాం. నా చేతిలోంచి నీళ్ళ గ్లాసు జారింది. పాదం జివ్వుమంటుంటే నేలకేసి కొట్టాను.

"కాలు అలా కొడుతున్నావేం? నేలేం పాపం చేసింది?" అంది అక్క.

"ఏం లేదు."

బావ తల ఎత్తకుండా, "మరదలు పిల్లకి అరికాలి మంట నెత్తికెక్కినట్టుంది. ఎవరి మీదో కనుక్కో," అన్నాడు.

"నెత్తికేం ఎక్కలేదు బావా," అని అరిచాను. "అరికాల్లోనే ఉంది. తిమ్మిరి. చేతుల్లో కూడా. చాలా?"

బావ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. నేను అక్క ముఖం చూశాను. చూడకపోతే బాగుండేది. మొదట అక్కడ కనిపించింది భయం కాదు, జాలి కాదు. భుజాలు కిందికి దిగాయి, ఊపిరి వదిలింది. ఎన్నాళ్ళుగానో మోస్తున్న మూట ఎవరో దించినట్టు. తనకే అది తెలిసినట్టుంది, వెంటనే ముఖం ఎర్రబడిపోయింది. తర్వాత గట్టిగా నవ్వింది.

"గాజుబొమ్మవి కదూ! రోజంతా మెడ వంచి మరలు తిప్పితే తిమ్మిరి రాక తీపి వస్తుందా? రేపు నేను సెలవు పెడతా. ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నేను రాను."

"వస్తావు," అంది అక్క. గ్లాసు తీసి, నేల మీద నీళ్ళు తనే తుడిచింది. ఆ రాత్రి నా మంచం తనే సర్ది దుప్పటి కప్పింది. నాకు కోపం పోలేదు. ఊరట పడ్డందుకు చేస్తున్న సేవ అని నాకు తెలుసు. దాని స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని, ఆ మాటా తెలుసు.

నరాల డాక్టరు ఆడమనిషి. గట్టిగా మాట్లాడని మనిషి. గదిలో ఎత్తు బల్ల, గోడ మీద ఒళ్ళంతా దారాలు అల్లుకున్నట్టున్న మనిషి బొమ్మ. నాన్న సంగతి అంతా అక్కే చెప్పింది. డాక్టరమ్మ విని, సొరుగులోంచి రెండు పాయల ఉక్కు కడ్డీ తీసింది. దాన్ని అరచేతికేసి కొడితే జుమ్మని మోగింది.

"దీన్ని కాలి ఎముక మీద పెడతాను. కళ్ళు మూసుకుని, అదురు తెలుస్తుంటే చెప్పండి. జబ్బు ఉంటే ముందు పోయేది ఇదే. మేజోళ్ళు తీసి పైన కూర్చోండి."

బల్ల ఎక్కితే ఇక దిగేది వేరే మనిషే అనిపించింది. మేజోడు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు భయపడితే ఎలాగే?" అంది అక్క. నేను కదల్లేదు. అక్క నిట్టూర్చి తనే బల్ల ఎక్కింది. "ముందు నాకు చేయండి డాక్టరమ్మా. చిన్నప్పుడు దీనికి సూది వేయాలన్నా ముందు నాకు వేసి చూపించాల్సిందే. ఏం కాదని తెలిస్తే అదే ఎక్కుతుంది."

బూటు విప్పి దులిపింది. టక్కున ఏదో నేల మీద పడి దొర్లింది. నల్ల గుండీ.

"ఇదిగో! నిన్నటి నుంచి వెతుకుతున్నా, ఏప్రన్ గుండీ," అని నవ్వింది అక్క.

దాని మడమ మీద గుండ్రంగా ఎర్రటి గుంట పడి ఉంది. గుండీకి ఉన్న నాలుగు చిల్లులు కూడా అచ్చు దిగాయి. డాక్టరమ్మ నవ్వలేదు. ఆ గుంట వంక కాసేపు చూసి, "కళ్ళు మూసుకోండి," అంది.

అక్క కళ్ళు మూసుకుని, నా ధైర్యం కోసం పెదవులు సాగదీసి నవ్వుతూ కూర్చుంది. కడ్డీ మోగింది.

"తెలుస్తోందా?"

"ముందు పెట్టండి డాక్టరమ్మా, తర్వాత అడుగుదురు గాని."

కడ్డీ అప్పటికే దాని బొటనవేలి మీద ఉంది. మోత నాకు స్పష్టంగా వినిపిస్తోంది.

డాక్టరమ్మ మళ్ళీ కొట్టి చీలమండ మీద ఆనించింది. "ఇప్పుడు?"

"ఊహూ. చప్పుడు వినిపిస్తోంది అంతే. గాల్లో తిప్పుతున్నారా ఏం?"

మూడోసారి మోకాలి మీద పెట్టింది.

"ఆఁ, ఇప్పుడు పెట్టారు! జుమ్మంటోంది," అంది అక్క ఉత్సాహంగా. "విన్నావటే? చక్కిలిగిలి తప్ప ఏం లేదు. ఇక నువ్వెక్కు."

అక్కకైతే నాకు కాదు. ఆ ఆలోచన నేను పిలవకుండానే వచ్చింది. తప్పుడు లెక్క అని తెలిసీ ఒక్క క్షణం నా ఒళ్ళు దూదిలా తేలికైపోయింది. మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది. నన్ను బల్ల ఎక్కించడానికి తను ఎక్కిన మనిషి అది.

డాక్టరమ్మ నా వంక చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. చెప్పొద్దని కాదు. ఇప్పుడే వద్దని.

"ఇక తెరవనా?" అంది అక్క. ఇంకా నవ్వుతూనే ఉంది.

నేను వెళ్ళి దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఇంకాసేపు మూసుకునే ఉండక్కా," అన్నాను.