దూరం చెప్పే పట్టీ

ఎడమ కన్ను పోయినప్పటి నుంచి లోకం నాకు గోడకి అంటించిన బొమ్మలా ఉంది. ఏది దగ్గరో, ఏది దూరమో తెలిసి చావదు. అద్దాల గోదాములో క్రేన్ నడిపేవాడికి ఇంతకంటే దరిద్రం ఉండదు. అద్దాల కట్ట నేలకి ఎంత ఎత్తులో ఉందో కింద నిలబడి మా బావే చెప్పాలి. అరచెయ్యి ఊపితే దించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. బావంటే మా అక్క మొగుడు. ఇరవై రెండేళ్లుగా ఆయనది ఆ సైగల పనే. ఆయన చెయ్యే నా రెండో కన్నని అందరూ వేళాకోళం చేసేవాళ్లు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

మూడు నెలల కిందట కంపెనీవాళ్లు నా మణికట్టుకి ఓ పట్టీ కట్టారు. బరువు నేలకి దగ్గరయ్యే కొద్దీ అది నాడిలా కొట్టుకుంటుంది. బెత్తెడు దూరానికి వచ్చేసరికి ఆగకుండా జుమ్మంటుంది. మొదట్లో చిరాకేసింది, తర్వాత అలవాటైపోయింది. ఒప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, రెండు కళ్లున్న రోజుల్లో కూడా నేనంత మెత్తగా దించలేదు.

ఆ సంగతి పైదాకా పోయి ఒక అధికారి దిగాడు. పట్టీ ఉండగా సైగల మనిషి దేనికని ఆయన సందేహం. ఒక రోజు పని చూసి, నన్ను కూడా అడిగి, రాసుకుపోతానన్నాడు. బావకి రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్లుంది. ఈ వయసులో పొమ్మంటే ఎక్కడికి పోతాడు? ఆయన పని చూడ్డానికి వచ్చే ముందు రోజు అక్క ఫోన్ చేసింది. "నువ్వొక్క మాట చెప్తే చాలురా తమ్ముడూ, మీ బావ పని నిలబడుతుంది" అంది. ఆ మాత్రం నాకు తెలీదా అని కసురుకున్నాను.

మర్నాడు పొద్దున్నుంచీ పదకొండు కట్టలు దించాను. దేనికీ చిన్న చప్పుడు కూడా లేదు. నిచ్చెన దిగేసరికి బావా, అధికారీ పక్కపక్కన నిలబడి ఉన్నారు. సైగలు లేకుండా దించగలవా అని అధికారి అడిగాడు. ఆ మాటే చాలు, రెచ్చిపోయాను. బావ చెయ్యి కనబడకపోతే ఒక్క కట్ట కూడా దించేవాణ్ణి కాదన్నాను. మూడో కట్టకి ఆయన టక్కున పిడికిలి బిగించబట్టే అద్దం దక్కిందని కల్పించి మరీ చెప్పాను.

అధికారి బావ వంక చూశాడు. బావ తల దించుకున్నాడు.

"ఇవాళ చెయ్యి ఎత్తొద్దన్నారురా ఈయన" అన్నాడు చివరికి. "రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునే నిలబడ్డాను. నువ్వు ఆపి, ఏంటి బావా అని అడుగుతావనుకున్నాను. పదకొండు కట్టలూ చూశాను."

నాకు తల తీసేసినట్టయింది.

"ఎప్పట్నుంచిరా నా వైపు చూడ్డం మానేశావ్?" అని అడిగాడు బావ. కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు.

ఏ రోజు మానేశానో నాకే తెలియదు. నేను లెక్కలు వేసుకుంటూ ఉండగానే అధికారి తను రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.