రిమార్కుల గడి

"ఏమోయ్, విత్తనాలు దాచేటప్పుడు బూడిద ఎంత కలుపుతాం మనం?"

ముందుగది నుంచి భర్త కేక. వంటింట్లో టీ కాస్తున్న ఇల్లాలు తలెత్తకుండానే కర్టెన్ ఇవతలి నుంచి జవాబిచ్చింది. "కిలోకి రెండు గుప్పిళ్ళు."

"కిలోకి రెండు గుప్పిళ్ళండీ. నా అనుభవంలో అంతకు మించితే దండగ," అన్నాడాయన అవతల, అప్పుడే కనిపెట్టినంత ఠీవిగా.

రాజధాని నుంచి ఇద్దరొచ్చారు. ఒక పెద్దాఫీసరు, ఆయన పక్కన రాసుకునే అమ్మాయి. దేశం మొత్తానికీ సేంద్రియ వ్యవసాయ విధానం తయారవుతోందట. ఈసారి రైతుల్ని అడిగే రాస్తారట. మంచిదే. కాకపోతే రైతెవరో పట్టా చూసి తేల్చుకుని వచ్చారు. పట్టాలో ఆయన పేరుంది. టీవీ పక్కన ఆదర్శరైతు షీల్డూ ఉంది. దాని దుమ్ము తుడవడం మాత్రం ఆవిడ పని.

ఆవిడ వృక్షశాస్త్రంలో డిగ్రీ చదివింది. "మా కోడలు చదువుకున్నది, మందు సీసా మీద తేదీ చూసి చెప్తుంది," అని అత్తగారు ఊరంతా గొప్పగా చెప్పుకునేది. పురుగుమందులకి తన వేళ్ళ చర్మం ఊడుతోందనీ, ఇక మానేద్దామనీ ఆవిడ అన్న రోజున, "గ్లౌజులు తొడుక్కో," అన్నాడాయన. ఏడాదిపాటు పోట్లాడి ఆవిడే మాన్పించింది. షీల్డు అందుకుంటూ మైకులో ఆయన చెప్పిందేమిటంటే, నేల ఏడుపు తనకి వినిపించిందని. పక్కమంచం మీద భార్య దగ్గు వినబడని మనిషికి నేల ఏడుపు ఎలా వినబడిందో ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

"ఏ రోజు ఏం వేశారో, ఏం చల్లారో ప్రతి రైతూ రిజిస్టరు రాయాలని పెడుతున్నాం," అంటున్నారు ఆఫీసరు. "ఒక్కరోజు తప్పినా సర్టిఫికెట్ రద్దు. భారమవుతుందంటారా?"

"భారమేముంది సార్! పది నిమిషాల పని. ఇక్కడి సర్టిఫికెట్ కోసం మూడేళ్ళుగా రాసి పారేస్తున్నాం. రాసుకోమ్మా, రైతులకి అభ్యంతరం లేదు."

గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. పాలు పితికి, నారు తడిపి, కలుపు తీసి, వండి వార్చి, అత్తగారి మోకాళ్ళకి నూనె రాశాక మిగిలే పది నిమిషాలవి. ఆవిడవే కాదు, దేశంలో ఇంకెందరివో. ఆయన సోఫాలో కాలుమీద కాలేసుకుని, అందరివీ కలిపి దానమిచ్చేశాడు.

అల్మరాలోంచి రిజిస్టరు తీసింది. గుమ్మం దగ్గర అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే నువ్వెందుకే?"

"అక్కడ రాస్తున్నది ఆడపిల్లే కదా అత్తయ్యా."

"అది జీతానికొచ్చింది."

"నేను జీతం లేకుండా వెళ్తున్నాను. అంతే తేడా."

రిజిస్టరు తీసుకెళ్ళి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. ఆఫీసరు తొంగిచూసి, "చేతిరాత ముత్యాల్లా ఉందండీ," అన్నారు భర్తతో.

"అలవాటైపోయింది సార్," అన్నాడాయన.

"చివరన రిమార్కుల గడి ఉంటుంది. అది పైకి చదువు తల్లీ," అంది ఇల్లాలు.

ఆ అమ్మాయి చదివింది. "మార్చి మూడు. బీన్సుకి వేపకషాయం చల్లింది నేను. రైతు పొలానికి రాలేదు. మార్చి నాలుగు. కలుపు తీసింది నేను. రైతు సన్మానానికి వెళ్ళారు. మార్చి తొమ్మిది. నాకు జ్వరం నూటరెండు. నారు నాటింది నేను. రైతు గట్టు మీద ఫొటో దిగారు..." నవ్వు ఆపుకోలేక ఆగింది. "ప్రతి పేజీ కిందా రైతు సంతకం ఉంది సార్."

పదిహేను రోజుల పేజీలు ఆవిడ ఒక్కసారే ముందు పెడితే, ఆయన ఫోను చూసుకుంటూ గీకేసేవాడు. తనిఖీకి వచ్చినవాళ్ళూ సంతకాలు లెక్కపెట్టుకునే వెళ్ళారు తప్ప ఒక్క ముక్క చదివిన పాపాన పోలేదు.

"ఏదో సరదాకి రాసి ఉంటుంది సార్," అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "లోపలికెళ్ళి టీ పట్రా," అన్నాడు.

"స్టవ్ మీదుంది. పది నిమిషాల పని. మీరు పట్రండి."

ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అభ్యంతరం లేదన్న మాట కొట్టెయ్ తల్లీ. ఉంది. రిజిస్టరు కావాలంటే రాసే చేతికి జీతమివ్వాలి. రైతంటే పట్టాలో పేరున్నవాళ్ళే కాదు, పొలంలో పనిచేసేవాళ్ళని రాయాలి."

ఆఫీసరు భర్తవైపు చూశారు. షీల్డువైపు చూశారు. చివరికి కుర్చీ ఇటు తిప్పుకున్నారు.

ఆ అమ్మాయి పేజీ వెనక్కి తిప్పింది. "కిలోకి రెండు గుప్పిళ్ళ బూడిద అన్నారు. ఎవరి గుప్పిళ్ళండీ?"

టమాటా పసరుకి నల్లబడిన చెయ్యి బల్లమీద చాపింది ఇల్లాలు.

"నావి. కొలుచుకో."