నాడె మీద చెయ్యి

మా తమ్ముడు గంగాధర్‌ను పెళ్లి చేసుకోరా అంటే పావురాలను తెచ్చి పెట్టుకున్నాడు. మొదట ఒక జత వచ్చింది, తర్వాత డాబా అంతా గూళ్లే అయ్యాయి. వాటికి జొన్నలు, సజ్జలు, ఎండాకాలం పూటపూటకూ చల్లటి నీళ్లు. నాకు జ్వరమొస్తే మాత్రం గడప దగ్గర నిలబడి "గోలీ ఏస్కున్నవా అక్కా" అని అడిగి షిఫ్టుకు వెళ్లిపోయేవాడు. అశోక్ చౌక్ వెనక ఒక కార్ఖానాలో పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేస్తాడు వాడు. నేను ఇంట్లో బీడీలు చుడతాను. మా ఆయన పోయాక మా నాయన ఇంటికే వచ్చేశాను. నాయన కూడా పోయాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరం, పైన వాడి పరివారం.

పావురాలు వాడివి. వాటి పెంట ఎత్తడం మాత్రం నా వంతు. ఎవరూ అప్పగించలేదు, నేనే మీద వేసుకున్నాను. వాడు పొడి చీపురుతో ఊడిస్తే తెల్లటి దుమ్ము లేచి గల్లీలోకి దిగేది. మా గల్లీలో ఇళ్ల ముందు రంగు వేసిన నూలు ఆరేస్తారు. దాని మీద మరక పడితే ఎవరు ఊరుకుంటారు? ఒకసారి యమునాబాయి వదిన మా గడప ముందు నిలబడి పెట్టిన కేకలకు నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజే వాడి చేతిలో చీపురు లాక్కున్నాను. బీడీల కోసం తునికాకు నానబెట్టిన నీళ్లు పారబోయకుండా బకెట్‌లో ఉంచి, పొద్దున్నే గూళ్ల ముందు చల్లేదాన్ని. పెంట మెత్తబడ్డాక రేకు ముక్కతో గీకి, నూలు వచ్చిన బోరీ సంచిలో నింపి, మూతి బిగించి కట్టి, మెట్లు దింపి కింద పెట్టేదాన్ని. అట్లా తడిపితే రవ్వంత దుమ్ము లేవదు. మధ్యాహ్నం గల్లీ కునుకు తీసే వేళ బోరీని స్కూటీ మీద పెట్టుకుని గంగాధర్ వెళ్లిపోయేవాడు. అక్కల్‌కోట్ రోడ్డులో ఎవరో ద్రాక్షతోట రైతు ఉన్నాడట, ఎరువుకు తీసుకునేవాడట. కాపు వచ్చినప్పుడు ఆ రైతు పంపాడని వాడు ద్రాక్షలు తెచ్చేవాడు. సగం మేం తిని, సగం పక్కింటి కావ్యకు ఇచ్చేదాన్ని.

కావ్య యమునాబాయి వదిన కోడలు. నోట్లో నాలుక లేని పిల్ల. మా ఇంటి వెనక అర్రకూ వాళ్ల పడకగదికీ మధ్య ఉన్నది ఒకే గోడ. ఆ పిల్ల ఎప్పుడు నవ్విందో, ఎప్పుడు ఏడ్చిందో నాకు వంటింట్లోకి వినబడేది. ఈ ఏడు ఎండలు ముదిరేసరికి వినబడేది దగ్గు ఒక్కటే. మందులు తాగినన్నాళ్లు తగ్గేది, మళ్లీ మొదలయ్యేది. చివరికి రెండు మెట్లెక్కితే ఆయాసం.

ఒక ఆదివారం పొద్దున కావ్య మొగుడు విశాల్ మా ఇంటికొచ్చాడు. వెనకే వాళ్లమ్మ. వాళ్ల వెనక గల్లీలో సగం మంది.

"అత్తా, కోపం చెయ్యకు" అన్నాడు విశాల్. "కొత్త డాక్టర్ దగ్గరికి పోయినం. ఇంటి దగ్గర కబూతర్లున్నయా అని అడిగిండు. వాటి పెంట గాలికి ఊపిరితిత్తులు ఖరాబ్ అయితయంట. మీ పిట్టల పెంట ఎటు వోతుంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దున లేస్తే నడుం విరిగేలా గీకి ఎత్తుతున్నది నేను. ఆ మాట నన్నే అడుగుతాడా!

"ఎటు వోతదిరా? తోటకు వోతది! రవ్వంత దుమ్ము లేస్తే సూపియ్యి, పిట్టలన్నిటి మెడలు నేనే విరుస్త" అన్నాను.

"నీ మీద కాదు లలితా" అంది యమునాబాయి వదిన. "పిల్లకు శాన త్రాస్ అయితున్నది. రాత్రంత కూసోనే ఉంటది. గోడలకెల్లి సన్న పురుగులొస్తున్నయి, వాసన వస్తున్నది. ఆమెను పుట్టింటికి తోలిద్దామంటున్నడు విశాల్. మీ ఇంట్ల పెంట లేదని నాడె మీద చెయ్యి వెట్టి చెప్పుండ్రి. బస్, మేం ఇంకొకటి ఎతుక్కుంటం."

మా గల్లీలో తగవులు పోలీసులదాకా పోవు. మగ్గాలు పోయి ఎన్నేళ్లయినా ప్రతి ఇంట్లో దేవుడి గూట్లో తాతదో తండ్రిదో ఒక నాడె ఉంటుంది. మగ్గం మీద పోగును ఇటునుంచి అటు తీసుకుపోయే నాడె. మాకు అన్నం పెట్టింది అదే. దాని మీద చెయ్యి పెట్టి చెప్పిన మాటకు ఇక ఎదురు ఉండదు. మా గల్లీలో ఎంత రౌడీ వాడైనా దాని మీద చెయ్యి పెట్టి అబద్ధం ఆడడు.

నేను లోపలికెళ్లి మా నాయన నాడె తెచ్చి గంగాధర్‌కు ఇవ్వబోయాను. పావురాలు వాడివి కదా. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వు పెద్దదానివక్కా. నువ్వుండంగ నేను పెడితే ఏం బాగుంటది? నువ్వే చెప్పు" అన్నాడు.

అందరి ముందూ వాడు నాకిచ్చిన ఆ మర్యాదకు నా మనసు నిండిపోయింది. ఇంటి పెద్ద కొడుకు చెప్పాల్సిన మాటను నాతో చెప్పిస్తున్నాడు. కొంగు తల మీద కప్పుకుని, నాడె మీద అరచెయ్యి ఆనించి గట్టిగా చెప్పాను. "మా పిట్టల పెంట ఈ గల్లీల పిడికెడు సుత లేదు. ఉంటే మా నాయన మీద ఒట్టు."

విశాల్ తల దించుకున్నాడు. యమునాబాయి వదిన నా చెయ్యి పట్టుకుని "తప్పుగ అనుకోకు" అంది. కావ్యను పుట్టింటికి పంపే మాట ఆగిపోయింది. మా తప్పు కాదని తేలింది కాబట్టి తంబాకు ఘాటేమో, నూలు దూదేమో అని వేరే కారణాలు వెతకడం మొదలుపెట్టారు. ఆ పిల్ల ఆ గదిలోనే, ఆ గోడ పక్కనే మంచం మీద పడుకుని దగ్గుతూనే ఉంది.

మొదటి వానలు పడ్డాక వాసన నాకూ తగిలింది. వంటింట్లో అన్నం వార్చుతుంటే ముక్కుపుటాలు మండేంత ఘాటు. వెనక అర్రలో ఎలుక చచ్చి ఉంటుందనుకున్నాను. ఆ అర్ర మా నాయన మగ్గం అర్ర. నేలలో గుంత తవ్వి, ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని చీరలు నేసేవాడు మా నాయన. ఆయన పోయాక మగ్గం ఊడదీసి అమ్మేశాం. గుంత మాత్రం మిగిలింది. అమ్మిన రోజు ఆ ఖాళీ గుంత చూసి ఏడుపు ఆపుకోలేక తలుపు వేసి గొళ్లెం పెట్టాను. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. కావాల్సిన సామాను ఏదున్నా గంగాధరే వెళ్లి తెచ్చేవాడు. దానికి వెనక సందులోకి ఇంకో తలుపు కూడా ఉంది.

చచ్చిన ఎలుకను తీసి యమునాబాయి వదినకు చూపించి, "ఇదీ మీ వాసన!" అని దులిపెయ్యాలని నాకు మహా ఉబలాటంగా ఉండింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గొళ్లెం తీశాను.

లోపల ఎలుక లేదు. గోడ వారగా బోరీలు, ఒకదాని మీద ఒకటి. మూతులకు నేను వేసిన ముడులే. అడుగున ఉన్నవి చివికి పగిలిపోయాయి. గుంత మీద చెక్కలు వేసి ఉన్నాయి. ఒక చెక్క పక్కకు లాగాను. గుంత నిండా పెంట. పైకప్పు కారిన చోట నాని పులిసిపోయింది, మిగతాది ఎండి పిండిలా ఉంది. దాని మీద పురుగులు కదులుతున్నాయి. కావ్య గది వైపు గోడలో, పైన, గాలి కోసం నాయన ఉంచిన కిటికీ కన్నం తెరిచే ఉంది. అటువైపు నుంచి ఆ పిల్ల దగ్గు వినిపిస్తోంది.

మా నాయన కాళ్లు పెట్టుకున్న గుంత అది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం షిఫ్టు విడిచి వాడు అన్నానికి వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

తెరిచిన తలుపు చూడగానే వాడికి అర్థమైంది. అబద్ధం ఆడలేదు. అదొక్కటే నయం.

"ఎప్పటిసంది?" అన్నాను.

"నిరుడే ఆ రైతు వద్దన్నడక్కా. పిట్టలకు ఏదో రోగమొచ్చిందని ఎవరో చెప్పిన్రంట. చెత్త ఎత్తే ఘంటాగాడీ వాళ్లు సుత బోరీ సూసి ఎక్కించుకోలే. ఏం చెయ్యాలె? కొన్నొద్దులు ఈడ పెడదాం, ఇంకో రైతు దొరుకుతడనుకున్న."

"మరి ద్రాక్షలు? రైతు పంపిండని ఈ కాపుకు సుత తెస్తివి కదరా!"

వాడు నేలచూపులు చూశాడు. "కొంతం చౌక్ బజార్ల కొన్న."

ఆ ద్రాక్షలు కడిగి గిన్నెలో పోసి, "మన తోట పండ్లే అనుకో" అని కావ్య చేతికిచ్చాను నేను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పిట్టలను తీసెయ్యమంటవ్. నువ్వు ఆ అర్రలకు ఎన్నడు పోవని నాకు ఎర్కే గదా."

"నాడె మీద చెయ్యి పెట్టేటప్పుడన్న చెప్పలేకపోయినవా? పక్కనే నిలబడితివి కదరా!"

"చెప్తే నీ చెయ్యి నాడె మీద ఆగునా అక్కా?" అన్నాడు వాడు, అదేదో నా మేలు కోరి చేసినట్టు. "నీకు తెల్వదు. తెల్వక చెప్పినవ్. నీకేం పాపం తగల్తది? నేను పెడితే నాకు తగల్తది."

అప్పుడు తెలిసింది వాడు ఆ రోజు చేతులు వెనక్కి ఎందుకు పెట్టుకున్నాడో. నేను మర్యాద అనుకున్నాను. వాడికి నాడె అంటే భయం. భయం లేని వాడై అబద్ధం ఆడి ఉంటే కూడా నాకు ఇంత మంట ఉండేది కాదేమో. తను భయపడ్డ దాని మీద అక్క చెయ్యి పెట్టించాడు. నేను అబద్ధం ఆడనని గల్లీకి నమ్మకం కనుక, ఆ నమ్మకంతోనే వాడు బోరీ మూతి కట్టినట్టు గల్లీ నోరు కట్టేశాడు.

"లే. యమునాబాయి ఇంటికి పోదాం. నీ నోటితోనే చెప్పు" అన్నాను.

"నువ్వు నడు, చేతులు కడుక్కొని వస్త."

వాడి కోసం ఆగలేదు. ఆ పిల్ల ఒక్క గంట కూడా ఆ గోడ పక్కన ఉండకూడదు. నేను వెళ్లేసరికి కావ్య మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. విశాల్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. నన్ను చూసి ఆ పిల్ల లేవబోయింది. "కూసో బిడ్డా" అని, నిలబడే అంతా చెప్పేశాను. గుంత సంగతి, బోరీల సంగతి, కన్నం సంగతి, ద్రాక్షల సంగతి కూడా. చెబుతుంటే ఏడుపు వచ్చింది. విశాల్ ఒక్క ఉరుకున మా ఇంటి వెనక సందులోకి పోయి చూసి వచ్చాడు. వచ్చి మంచం ముందు గదిలోకి లాగడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు గల్లీ మళ్లీ పోగైంది.

"నువ్వు నాడె మీద చెయ్యి పెట్టినవనే ఈడ ఉన్న లలితత్తా" అంది కావ్య. తిట్టినట్టు కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

అప్పుడొచ్చాడు గంగాధర్. తల దువ్వుకుని, అంగీ మార్చుకుని వచ్చాడు. విశాల్ వాడి కాలర్ పట్టుకున్నాడు.

"నన్నెందుకు పడతవ్?" అన్నాడు వాడు. "నేను పిట్టలకు దాన ఏస్త, ఎగరేస్త. పెంట సంగతి నాకేం తెల్సు? రోజు గీకేది అక్క, బోరీ కట్టేది అక్క, కిందికి దించేది అక్క. గల్లీ అంత సూస్తలేదా? ఆ రైతు ఎప్పుడు వద్దన్నడో, ఈమె ఏడ పోస్తుందో నన్నడిగితే నేనేం చెప్త?"

నా వైపు చూడలేదు. పక్కింటివాళ్లందరి వైపూ ఒక్కొక్కరినే చూస్తూ చెప్పాడు. గల్లీ చూసింది కూడా నిజమే. పొద్దున్నే బోరీ ఎత్తుకుని మెట్లు దిగే నన్ను అందరూ చూశారు. మధ్యాహ్నం కునుకు వేళ వాడు స్కూటీ తిప్పి వెనక సందులోకి మళ్లడం ఎవరు చూస్తారు?

"గంగాధర్!" అన్నాను. "అరేయ్, నేను నీ అక్కనురా!"

వాడు తల తిప్పుకున్నాడు. విశాల్ చెయ్యి కాలర్ మీద నుంచి మెల్లగా జారింది. గుమ్మంలో ఎవరో "ఆమె ముడులే గదా" అన్నారు.

నేను యమునాబాయి వదిన చేతులు పట్టుకున్నాను. "వదినా, ఇప్పుడే పోయి నాడె తెస్త. అందరి ముంగట చెయ్యి పెట్టి చెప్త. వాన్ని సుత పెట్టమను. ఎవరు అబద్ధమో తేలిపోతది."

వదిన చేతులు విడిపించుకోలేదు. కోపంగా కూడా లేదు. లోపల కావ్యకు దగ్గు తెర అందుకుంటే అటు చూసి, మళ్లీ నా వైపు చూసింది.

"వద్దులే లలితా" అంది. "ఇగ నువ్వు పెట్టినా మేం నమ్మలేం."