సగటు నడక

మా ఆయన బస్సు డిపోలో టైంటేబుల్ సెక్షన్‌లో పనిచేస్తారు. ఏ బస్సు ఏ స్టాపుకి ఎన్నింటికి రావాలో ఆయనే రాస్తారు. బస్సులు ఆ వేళకి రావు. రావడం, రాకపోవడం వేరే సెక్షన్ వాళ్ళ పని అంటారు.

సెలవు రోజుల్లో ఆయన కొండలకి టైంటేబుల్ రాస్తారు. మా వెనక వీధి దాటితే మొదలయ్యే కొండలవి. ఫొటో తీసి నలుగురికీ పంపించుకునేంత అందం వాటికి లేదు. అయినా ఆయన పదిమందిని పోగుచేసి ఆదివారం ఆదివారం ఎక్కించి దింపుతుంటారు. ఈ ఏడాది ఒక కాగితం అచ్చువేయించి లైబ్రరీ గోడకి అంటించారు. "ఇంటి పక్కనే ఉన్నా మీరు చూడని పన్నెండు చోట్లు. పన్నెండు ఆదివారాలు." అప్పటికి ఆయన దగ్గర ఉన్నవి పదకొండు చోట్లే. పన్నెండో దాని ఎదురుగా "త్వరలో" అని వేశారు.

ఆ పదకొండూ ఎలాంటివంటే, ఒకటి ముగ్గురు పట్టే గుహ, ఆ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడితేనే. ఒకటి నీళ్ళు లేని బావి. ఒకటి ఎక్కడికీ వెళ్ళని మెట్లు, పద్ధెనిమిది ఎక్కగానే అయిపోతాయి. జనం మాత్రం మురిసిపోయారు. "ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం, ఇది మాకు తెలియనే తెలియదే!" అని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అనేవారు. ఆ మాట విన్నరోజు మా ఆయన మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవారు.

ఈ వ్యవహారంలో నాకూ ఒక ఉద్యోగం ఉంది. నేను సగటు మనిషిని. ఈ మాట నాది కాదు, ఆయనది. డిపోలో కొత్త రూటు వేసేముందు ఖాళీ బస్సుని ఒకసారి తిప్పి చూస్తారట, దాన్ని ట్రయల్ అంటారట. కొండమీద ఆ ఖాళీ బస్సుని నేను. శనివారం పొద్దున్నే నన్ను ముందు నడవమని, తను స్టాప్‌వాచీ, నోటుబుక్కూ పట్టుకుని పదడుగులు వెనక వస్తారు. మా గుంపులో అందరికంటే నెమ్మది మందుల షాపాయన. అందరికంటే వేగం మా ఆడపడుచు. నేను సరిగ్గా మధ్యలో ఉంటానట. అందుకని నా నడకని బట్టే అందరి టైమూ కడతారు. ట్రయల్ జరిగేటప్పుడు నన్ను తొందరపెట్టకూడదు, ఆపకూడదు, సలహా ఇవ్వకూడదు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన నాకు సలహా ఇవ్వకుండా ఉండే గంటలు అవే.

ఇంకో నియమం ఉంది. ఏ చోటైనా ఇంటినుంచి అరవై నిమిషాల లోపే ఉండాలి. అరవై దాటితే మందుల షాపాయన మోకాళ్ళు మొరాయిస్తాయి. అరవై ఒకటైనా మా ఆయన ఒప్పుకోరు.

పన్నెండో చోటు నా దగ్గర ఉంది. అదే నా తంటా.

నేను పెద్దాసుపత్రిలో ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చుంటాను. ఎక్స్‌రే ఎక్కడ, రక్తం ఎక్కడ ఇవ్వాలి, మా నాన్నని ఎక్కడికి తీసుకెళ్ళారు అని రోజూ మూడు నాలుగొందల మంది అడుగుతారు. చెబుతాను. గురువారం ఒంటిగంటకే వదిలేస్తారు. ఆరేళ్ళ కిందట ఒక గురువారం బస్సు తప్పిపోయింది. బస్సు ఎందుకు తప్పిందో మా ఆయనకి సంజాయిషీ చెప్పుకోవడం కంటే నడవడం నయమనిపించి, కొండ పక్కనుంచి అడ్డదారి పట్టాను. పాడుబడిన రాళ్ళ క్వారీ మలుపు దాటాక, రెండు బండల మధ్య మనిషి పక్కకి తిరిగి దూరగలిగే సందు కనిపించింది. దూరాను. లోపల నాలుగడుగుల కింద చిన్న నీటిగుంట, పక్కనే చల్లటి చదును రాయి. ఫోను పనిచెయ్యదు. కూర్చున్నాను. నలభై నిమిషాలు నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఆ తర్వాత ప్రతి గురువారం వెళ్ళాను. ఇంటినుంచి ముప్ఫై ఎనిమిది నిమిషాలు. అవును, కొలిచాను. కాపురం చేసిన చోటు గుణం కొంత అంటుతుంది. ఎవరికీ చెప్పలేదు. ఆయన ఆరింటిదాకా డిపోలో ఉంటారు కాబట్టి ఎవరూ అడగలేదు కూడా.

పదకొండో ఆదివారం అయిపోయాక, ఆఖరి నడకకి ముందు ఒక ఆదివారం ఖాళీ ఇచ్చి, ఆయన భోజనాల బల్లమీద పెద్ద మ్యాపు పరిచారు. తిరిగిన దారులన్నిటికీ నీలం గీతలు పెట్టుకున్నారు. క్వారీ వెనక బొటనవేలంత తెల్లటి జాగా మిగిలింది.

"ఇక్కడికి మనం ఒక్కసారి కూడా వెళ్ళలేదు," అన్నారు.

"ముళ్ళు తప్ప ఏముంటాయి అక్కడ?" అన్నాను.

"ముళ్ళుంటే ముళ్ళున్నాయని తెలుస్తుంది. శనివారం ట్రయల్."

వద్దంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే నా చోటు పోయినట్టే. ఆయన ఏదైనా చూశారంటే దానికి నంబరు వేస్తారు, నంబరు వేశాక పదిమందిని తెస్తారు, ఆ పదిమంది వాళ్ళ చుట్టాలని తెస్తారు. ఆ చదును రాయి మీద మా ఆడపడుచు ఫ్లాస్కు తీసి అందరికీ టీ పోస్తున్నట్టు కళ్ళకి కట్టింది. చెడ్డ మనిషి కాదు. కానీ మాట్లాడుతుంది.

మూడు రోజులు తల బద్దలుకొట్టుకుంటే ఉపాయం తట్టింది. కొలబద్దని నేనే కదా! నేను నెమ్మదిగా నడిస్తే చోటే దూరం జరుగుతుంది.

శనివారం బయల్దేరాం. నెమ్మదిగా నడవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. బూటు లేసు రెండుసార్లు కట్టాను. లేని పిట్టని చూశాను. ఒకచోట బండమీద చతికిలబడి, గుండెమీద చెయ్యేసుకుని ఊపిరి తీసుకున్నాను. అది కాస్త ఎక్కువైందేమోనని నాకే అనిపించింది. ఆయన పదడుగుల వెనక నిలబడ్డారు. నియమం ప్రకారం ఒక్కమాట అనలేదు. క్వారీ మలుపు చేరి, సందుకి ఇంకా రెండు వందల అడుగులు ఉందనగా వెనకనుంచి చెప్పారు.

"అరవై అయింది."

"అయ్యో, ఇక్కడిదాకా వచ్చాం కదా," అన్నాను. అనకుండా ఉండాల్సింది, కానీ గెలిచినప్పుడు నోరు ఊరుకోదు.

"అరవై అంటే అరవై. పద," అని వెనక్కి తిరిగారు. దిగేటప్పుడు కూడా నెమ్మదిగానే దిగాల్సి వచ్చింది. తలప్రాణం తోకకొచ్చింది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో వింతలు మొదలయ్యాయి. బజారు సంచి ఆయనే మోశారు. వంటింట్లో పొయ్యి పక్కన కుర్చీ వెలిసింది. నేను మేడ మెట్లు ఎక్కుతుంటే కింద నిలబడి చూస్తున్నారు. ఎప్పుడు తిందాం, ఎప్పుడు బయల్దేరదాం అని రోజుకి ఇరవైసార్లు అడిగే మనిషి, ఒక్కసారి కూడా అడగలేదు. నేను సంతోషించాను. ఓడిపోయి మెత్తబడ్డారనుకున్నాను.

సోమవారం మా ఆడపడుచు వచ్చింది. గడపలోనే నా మొహం పట్టి పట్టి చూసింది.

"వదినా, నీ ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

"మరి అన్నయ్య నాకు ఫోన్ చేసి, మీ వదిన ఈమధ్య ఆయాసపడుతోందా, నీతో ఏమైనా చెప్పిందా అని అడిగాడేం? గొంతు అదోలా ఉంది. నాకు భయమేసింది." ఆమె ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు. దాంతో నాకూ భయమేసింది.

బుధవారం సెలవు పెట్టి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. మామూలు చెకప్ అన్నారు. టోకెను పధ్నాలుగు. లోపల తొమ్మిది నడుస్తోంది. ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాం. ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. గ్రాఫు పేపరు. పదకొండు శనివారాల నా నడక వేగం పదకొండు చుక్కలుగా దాదాపు ఒకే వరసలో ఉంది. పన్నెండో చుక్క ఎక్కడో అడుగున, ఒంటరిగా.

"డాక్టరుకి చూపిద్దామని," అన్నారు.

నేను నవ్వబోయాను. ఆయన మొహం చూసి ఆగిపోయాను.

"మీ అమ్మగారికి కూడా నడకతోనే మొదలైంది," అన్నారు. "మనింటి నుంచి బస్టాపుకి ఆవిడకి తొమ్మిది నిమిషాలు పట్టేది. చివరి ఏడాది అది పన్నెండైంది. తర్వాత పదిహేను. నేను చూశాను. నడకే కదా, దాని గురించి చెబితే ఎగతాళి చేస్తారని ఊరుకున్నాను. నీకు కూడా చెప్పలేదు. మూడు నెలల తర్వాత గానీ జబ్బు సంగతి ఎవరికీ తెలియలేదు."

అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. ఈ మాట ఆయన ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఆ కుర్చీతో సహా భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించేంత.

"ఏవండీ, శనివారం నేను కావాలని నెమ్మదిగా నడిచాను."

ఆయనకి అర్థం కాలేదు. "కావాలనా?"

"ఆ తెల్లజాగాలో నాకో చోటుంది. గురువారాలు అక్కడికి వెళ్తాను. ఆరేళ్ళుగా. అది కాగితం మీదికి ఎక్కకూడదని అలా చేశాను."

"అయితే ఆయాసం?"

"లేదు."

"కూర్చున్నావు కదా. గుండెమీద చెయ్యి కూడా వేసుకున్నావు."

"నటించాను."

ఆయన పెన్ను తీసి, అడుగున ఉన్న చుక్కని గుండ్రంగా చుట్టి, పక్కన "ఈ రీడింగు చెల్లదు" అని రాశారు. మళ్ళీ నాలుగు మడతలూ పెట్టి జేబులో పెట్టుకున్నారు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు. ఇంటికెళ్దాం పదండి అన్నాను. టోకెను తీసుకున్నాక లేచి వెళ్ళిపోవడం పద్ధతి కాదన్నారు. లోపల డాక్టరు నన్ను చూసి బ్రహ్మాండంగా ఉన్నారంది. ఆయన్ని చూసి బీపీ ఎక్కువగా ఉందని మాత్రలు రాసింది.

ఇంటికి నడిచే వచ్చాం.

"నేనంటే విసుగా?" అన్నారు ఉన్నట్టుండి.

"విసుగు కాదండీ. ఆసుపత్రిలో అందరూ ఎక్కడ అని అడుగుతారు. ఇంటికొస్తే మీరు ఎప్పుడు అని అడుగుతారు. వారానికి ఒక నలభై నిమిషాలు ఎవరికీ ఏమీ చెప్పకుండా కూర్చోవాలనిపిస్తుంది. అంతే."

"ఆరేళ్ళు," అన్నారు. లోపల గుణకారం జరుగుతోందని నాకు తెలుసు. పైకి మాత్రం చెప్పలేదు. ఆ మనిషికి అదెంత కష్టమో కూడా నాకు తెలుసు.

పన్నెండో ఆదివారం అందరూ లైబ్రరీ ముందు పోగయ్యారు. మందుల షాపాయన కొత్త మోకాలి పట్టీలు వేసుకొచ్చాడు. ఆడపడుచు ఫ్లాస్కు తెచ్చింది. ఎవరో ఊరినుంచి బావగారిని కూడా పిలిపించుకున్నారు. మా ఆయన మెట్టెక్కి నిలబడ్డారు.

"పన్నెండో చోటు లేదు. నా లెక్క తప్పింది."

అందరూ ఒకేసారి అందుకున్నారు.

"నీ లెక్క తప్పడమా అన్నయ్యా! ఈ తేదీ గోడమీద రాసిపెట్టుకోవాలి," అంది ఆడపడుచు.

"లేని చోటుకి కాగితాలెందుకు అచ్చువేయించారండీ? నేను షాపు మూసుకొచ్చాను," అన్నాడు మందుల షాపాయన. "అవునూ, క్వారీ వెనక ఏదో తెల్లగా ఉందన్నారు కదా మ్యాపులో?"

"ముళ్ళు," అన్నారు మా ఆయన.

"చూశారా?"

"మా ఆవిడ చూసింది."

ఊరినుంచి వచ్చిన బావగారు పెద్దగా నవ్వాడు. కాకిలెక్కలు వేసేవాళ్ళు బస్సులెలా నడుపుతారో ఇప్పుడర్థమైంది అన్నాడు. ఆ మాటకి ఇంకో నలుగురు నవ్వారు. మా ఆయన జేబులోంచి పెన్ను తీసి, అందరి ముందూ గోడమీది కాగితంలో రెండుచోట్లా "పన్నెండు" కొట్టేసి "పదకొండు" అని దిద్దారు. గుండ్రటి అక్షరాలు, తొందరేమీ లేకుండా. నాకు ఆ బావగారి పీక పిసకాలనిపించింది.

ఆ రాత్రి అన్నం పెడుతూ అన్నాను, "ఒకసారి మీరూ రండి. మీ ఒక్కరినే తీసుకెళ్తాను."

ఆయన నిజంగానే ఆలోచించారు. కలిపిన ముద్ద కంచంలోనే పెట్టి మరీ ఆలోచించారు.

"వద్దు," అన్నారు. "వస్తే కొలుస్తాను."

గురువారం వెళ్ళాను. సందులోంచి దూరి, చదును రాయి మీద కూర్చున్నాను. గుంటలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఎవరూ లేరు, ఎవరూ రారు. బీపీ మాత్ర వేసుకున్నారో లేదో అనుకున్నాను. అందరూ నవ్వుతుంటే గోడవైపు తిరిగి అక్షరాలు దిద్దుతున్న ఆయన వీపు గుర్తొచ్చింది. అమ్మ నడక గురించి తొమ్మిదేళ్ళు ఎలా కడుపులో పెట్టుకున్నారో అనుకున్నాను. నా నలభై నిమిషాలూ ఆయన ఆలోచనలతోనే అయిపోయాయి. ఆరేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. నాకు చాలా కోపం వచ్చింది.